రెండు ప్రార్థనలంతసేపు

అడుగంటిన గిన్నె గారికి,
నిదానం నమస్కారాలు.

ఫోన్‌లోని మన వంటల గుంపులో అందరివీ మారుపేర్లే కనుక మిమ్మల్ని ఇలా పిలవక తప్పడం లేదు, ఏమనుకోకండి. నా చిక్కుడు గింజలు అంత మెత్తగా ఎలా ఉడుకుతాయని అడిగారు. నిన్న పొద్దున చేసింది చేసినట్టు రాస్తాను. రోజూ చేసేది అదే.

నేను లేచేసరికి వంటింటి కిటికీ అద్దం చెమ్మగిల్లి ఉంది. రాత్రి నానబెట్టిన గింజలు కడిగి పొయ్యి మీద పెట్టాను. పెద్ద తమ్ముడు దర్జీ. కత్తెర కనబడలేదని ఇల్లంతా వెతికాడు. అది వాడి జేబులోనే ఉంది. వాడి భార్య, అంటే మా మరదలు, బడిలో పాఠాలు చెబుతుంది. దిద్దిన కాగితాలు సంచిలో సర్దుకుంటూ ఉంది. చిన్న తమ్ముడు బస్సు నడుపుతాడు. మొదటి ట్రిప్పు ముగించుకొచ్చి గడప మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. నేను గింజల్లో ఉప్పు వేసి, మూత పెట్టి, మూలన నిలబడి కళ్లు మూసుకున్నాను. రెండు ప్రార్థనలంతసేపు ఉడకాలి. ఒక్కటైతే పలుకు, మూడైతే ముద్ద. తర్వాత కళ్లు తెరిచి, ఉప్పు వేసి, కలిపి మంట ఆపాను. అంతే.

రుచి చూడను. దేవుడి మీద భారం వేశాక మళ్లీ పరీక్ష ఎందుకు? నాకు రొట్టె, పాలు చాలు. కూర వాళ్లకే. చిన్నవాడు రోజూ ‘అక్కయ్యా, అమృతం’ అంటాడు. మరదలు ఏమీ అనదు. మేడ మీద వేరే పొయ్యి పెట్టుకుంటానని మాత్రం ఈ మధ్య రెండుసార్లు అంది. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే పొయ్యి. నేనుండగా అది రెండు కాకూడదనే నా కోరిక.

ఇట్లు,
నిదానం

తా.క.: నా వంటకు ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. ఎవరైనా పెడితే దిద్దుకుందామని చూస్తున్నాను.


నిదానం గారికి,
అడుగంటిన గిన్నె వినయంగా రాసేది.

మీ పద్ధతి చదివాను, చాలాసార్లు చదివాను. మా ఇంట్లోనూ ఒక పెద్దావిడ వండుతారు. మమ్మల్ని పెంచింది ఆవిడే. చెయ్యి మంచిది, మనసు అంతకన్నా మంచిది. కాకపోతే ఉప్పు ముందొకసారి వేస్తారు, ఆ సంగతి మరిచిపోయి చివర మళ్లీ వేస్తారు. ఆ మాట ఆవిడకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఇప్పుడు ఇల్లు రెండు పొయ్యిలయ్యేలా ఉంది. ఎలా చెప్పాలో మీరే చెప్పండి.

మీ సలహా కోసం ఎదురుచూస్తూ,
అడుగంటిన గిన్నె

తా.క.: మా ఇంట్లో మంచినీళ్ల బిందె ఒకటి ఉండేది. ఇప్పుడు మూడు.


చెల్లీ,

నీ బాధ చూశాక ‘గారు’ అనాలనిపించలేదు. ఆవిడకు చెప్పకు. పెంచిన చేతికి వంక చూపిస్తే అన్నం సహించదు. ఆవిడ ఇటు చూడనప్పుడు తొక్క తీసిన బంగాళాదుంప ఒకటి గిన్నెలో వెయ్యి. ఉప్పు కాస్త పీలుస్తుంది. వడ్డించే ముందు తీసెయ్యి. ఆవిడకు తెలియదు, ఇల్లూ నిలుస్తుంది.

రెండుసార్లు ఉప్పు వేసే మనిషి ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదు. పాపం, ఆవిడ కోసం కూడా ప్రార్థిస్తాను.

దీవెనలతో,
నిదానం

తా.క.: ఒక ప్రార్థనంటే ఎన్ని నిమిషాలని గుంపులో అందరూ అడుగుతున్నారు. గడియారం పెట్టుకుని దేవుడితో మాట్లాడతారా ఎవరైనా?


నిదానం గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మూడు రోజులు బాగా జరిగింది. ఇంట్లో ఒకరు మారు వడ్డించుకున్నారు కూడా. నాలుగో రోజు దుంప తీసే లోపలే ఆవిడ ఇటు తిరిగారు. అది గిన్నెలోనే ఉండిపోయింది. నేను ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.

భయంతో,
అడుగంటిన గిన్నె

తా.క.: వీధిలో చూడటానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాను.


చెల్లీ,

నీ గొడవ తర్వాత. ముందు నాది విను. నా గింజల కూరలో బంగాళాదుంప తేలింది. నిండు దుంప. నేను వేయలేదు.

ఇది మరదలి పనే. నేను మతిమరుపు మనిషినని నలుగురిలో నిరూపించి, ఆ వంకతో మేడ మీద పొయ్యి పెట్టించుకోవాలని చూస్తోంది. కోపం తెచ్చుకోకుండా ఉండాలని ప్రార్థన కాస్త పెంచాను. పెంచిన దగ్గర్నుంచి గింజలు మాడుతున్నాయి. ఆ నింద కూడా నా మీదికే వస్తుంది. మరదలిని ఎలా పట్టుకోవాలో చెప్పు.

కలతతో,
నిదానం

తా.క.: సాక్ష్యం కదా అని ఆ దుంప పారేయకుండా తిన్నాను. బాగుంది. ఉప్పే కాస్త ఎక్కువ.


నిదానం గారికి,

మీ మరదలుగారిని అనుమానించకండి. ఆవిడ కాదు. ఎలా తెలుసని అడగకండి, మనసుకు అనిపించింది. దయచేసి ఆవిడతో ఏమీ అనకండి. ఒక్కసారి, ఒక్క చెంచాడు, మీ కూర మీరే రుచి చూడండి. అంతకన్నా నేనేం రాయలేను.

చేతులు జోడించి,
అడుగంటిన గిన్నె

తా.క.: గింజలు మాడుతున్నాయి కనుక దేవుడికి కాస్త క్లుప్తంగా చెప్పుకోండి. మీ ఇంటి సంగతులు ఆయనకు కొత్త కాదు.


అడుగంటిన గిన్నెకు,

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైంది. వేరే పొయ్యి కావాలంటే మళ్లీ నోరు తెరిచి అడుగు, నా గిన్నెలో దుంపలు వేయకు అని మరదలితో అనేశాను. అది దిద్దుతున్న కాగితాలు పక్కన పెట్టి నెమ్మదిగా అంది: “వదినా, ఆ ఉప్పు తినలేకే నేను పొయ్యి అడిగాను. చాటుగా దుంపలు వేసి కాపాడేంత ప్రేమ నాకుంటే పొయ్యి ఎందుకు అడుగుతాను?”

నిజం చెప్పినవాళ్ల మీద కోపం నిలవదు. చెంచాడు కూర నోట్లో వేసుకున్నాను. తర్వాత రెండు గ్లాసుల నీళ్లు తాగి, నీకు రాసిన మొదటి ఉత్తరం తీసి చదివాను. ఉప్పు రెండు చోట్ల ఉంది.

అప్పుడు ఇంకో సంగతి తోచింది. ప్రార్థనంటే ఎంతసేపని గుంపు మొత్తం అడిగింది. నువ్వొక్కదానివే అడగలేదు. మా ఇంట్లో మసలిన మనిషికి తప్ప ఆ లెక్క ఎవరికి తెలుస్తుంది?

ఈ పొద్దున ఒక కన్ను మూసి ప్రార్థించాను. మేజోళ్లతో అడుగులో అడుగు వేసుకుంటూ, చొక్కా జేబులో దుంపతో, అమృతం అనే నోరు గట్టిగా బిగించుకుని నువ్వు వచ్చావు. చెల్లీ అని పిలిపించుకుంటూ ఇన్ని ఉత్తరాలు రాశావు, చిన్నోడా. నేను రెండో కన్ను కూడా మూసుకుని ఇంకో ప్రార్థన మొదలుపెట్టాను. దుంప మళ్లీ తీసుకోవడానికి నీకు టైం కావాలి కదా.

నువ్వు సాయంత్రం ట్రిప్పులో ఉండగా మేం ముగ్గురం కూర్చుని తేల్చాం. ఇంట్లో ఒకటే పొయ్యి. ఉప్పు డబ్బా మరదలి దగ్గర ఉంటుంది, రోజుకు ఒక్కసారి తీసి ఇస్తుంది. ప్రార్థన నాదే, అది లేకపోతే గింజలు ఉడికేది ఎవరికీ తెలియదు. వంట రేపటి నుంచి నీది. నువ్వు ఒప్పుకుంటావా అని దర్జీవాడు అడిగాడు. ఇన్నాళ్లూ నన్ను అడిగే వేశాడా దుంపలు అన్నాను.

నీ భోజనం మూత పెట్టి ఉంచాను. ఉప్పు చూశాను.

నీ అక్కయ్య

తా.క.: రేపు నువ్వు వండింది మొదటి ముద్ద నేనే తింటాను. ఎలా ఉన్నా సరే, ‘అమృతం, తమ్ముడూ’ అంటాను. రోజూ అంటాను.