అత్త గుండు ఫోటో

గోకుల్ బావకు,

నెలనెలా డబ్బు కట్టే ఆ ఫోటో సాఫ్ట్‌వేర్ కొనమన్నావు గదా, ముందుగా ఒక వారం ఉచితంగా వాడి చూశాను. తిరుత్తణిలో మొక్కు తీర్చి, హాల్లో తగిలించాలని మీ అమ్మ తీయించుకున్న ఫోటోను అందులో పెట్టాను. ఒక్క నొక్కుతో అది అత్త గుండుకు నల్లటి జుట్టు పెట్టేసింది. సంబరంగా చూపించాను.

"సామికిచ్చిన జుట్టు ఎనక్కి తెచ్చినావేమిరా? మళ్లా కొండెక్కి గుండు కొట్టించుకోవల్లనా నేను? తీసెయ్!" అనింది అత్త.

ఎప్పటికీ ఉచితంగా దొరికే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి జుట్టు పెట్టడం రాదు. అందులో వెలుతురు సరిచేస్తే గుండు మీది చందనం పచ్చగా కనిపించింది. "ఇదీ ఫోటో అంటే!" అని అత్త ఫ్రేము కట్టడానికి ఇచ్చేసింది. నాకు ఇదే చాలు.

నువ్వు మాత్రం ఖరీదైనదే ఉంచుకో బావా. ఊడిపోయిన నీ జుట్టు ఏ సామికీ ఇచ్చింది కాదు గదా.

నీ బామ్మర్ది