వ ఒత్తూ సున్నా జారిపోయిన నా దరఖాస్తు

సంఘాల రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చక్రాల కుర్చీల సహాయ సంఘం వారు నాకు సభ్యత్వం నిరాకరించి, పైపెచ్చు సభ్యతే లేదని తేల్చిన సంగతి - పునఃపరిశీలన కోరుట గురించి.

నేను సదరు సంఘం ఆఫీసుకి ఎదురుగా సైకిల్ రిపేరు షాపు నడుపుకుంటున్నవాడిని. తమరికి తీరిక తక్కువని తెలుసు, నాకు మాటలెక్కువని మా వీధికంతా తెలుసు. అందుకే నంబర్లు వేశాను.

1. సదరు సంఘం స్టోర్ రూములో ఎనిమిది కుర్చీలు మూలన పడి ఉన్నవి. కిటికీలోంచి చూశాను. మూడింటికి ట్యూబులు పోయాయి, నాలుగింటికి బేరింగులు పట్టేశాయి, ఒకదానికి బోల్టు వదులు. ఒక్క పూట పని! "ఊరికే చేసిపెడతానండీ" అన్నాను. కార్యదర్శి గారు కళ్ళజోడు సవరించుకుని, "పద్నాలుగో నిబంధన. సంఘం సామాను సభ్యులు తప్ప ఇతరులు చేతితో ముట్టరాదు" అన్నారు. "అయితే సభ్యుణ్ణి చేసుకోండి!" అన్నాను. ఫారం ఇచ్చారు.

2. ఆ కుర్చీల్లో ఒకటి మా పిన్నికి రావాలి. నాకు పంక్చర్ వేయడం నేర్పింది ఆవిడే. కాళ్ళు పడిపోయి మూడు నెలలుగా వీధి మొహం చూడలేదు. మంచం మీంచే "ఒరేయ్, ఆ రిమ్ము వంకర తిరుగుతోంది, చప్పుడు వినపడట్లా?" అని అరుస్తుంది.

3. ఇద్దరు సభ్యులు సిఫారసు చేశారు. దరఖాస్తు పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద వేలాడింది, అభ్యంతరాలు రాలేదు. కానీ అది నేను ఫోనులో గబగబా కొట్టాను. "సభ్యత్వం ఇప్పించగలరు" అనాల్సింది "సభ్యత ఇప్పించగలరు" అని పడింది.

4. సీలు వేసి మరీ జవాబిచ్చారు: "తమకు సభ్యత ఇవ్వడం సంఘం వల్ల కాదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించినది." మా ఆవిడ స్టవ్వు కట్టేసి నవ్వింది. "పెళ్ళయినప్పట్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ ఇదే. ఇప్పుడు సీలు కూడా పడింది" అంది.

5. పరిగెత్తుకెళ్ళాను. "ఆరో నిబంధన. ఉన్నది ఉన్నట్టే చదవాలి, ఊహించుకోకూడదు" అన్నారు కార్యదర్శి గారు. మళ్ళీ రాసిస్తానంటే, "తొమ్మిదో నిబంధన. ఏడాది ఆగాలి" అన్నారు. "అయ్యా, ఒక్క వ ఒత్తు, ఒక్క సున్నా అండీ!" అన్నాను. "అంటే రెండు తప్పులు" అని రాసుకున్నారు.

కావున తమరు దయతలచి ఆ ఒత్తూ ఆ సున్నా నాకు మంజూరు చేయించి, ఏడాది గడువు మాఫీ చేయించగలరు. సభ్యత సంగతి మా ఆవిడ చూసుకుంటుంది.

చిత్తగించి, వీలైతే కాస్త నవ్వుకుని, సంతకం పెట్టవలెను.

తమ విధేయుడు,
సభ్యత లేదని సీలు పడిన సైకిల్ షాపు వాడు

తా.క.: ఇది కొడుతుండగానే కార్యదర్శి గారు బోల్టు వదులు కుర్చీని తోసుకుంటూ మా షాపుకొచ్చారు! "పద్నాలుగో నిబంధన మళ్ళీ చదివాను. 'చేతితో' అని ఉంది. పానాతో ముట్టరాదని లేదు. ఉన్నది ఉన్నట్టే చదవాలి కదా" అన్నారు. ఆయన పట్టుకున్నారు, నేను పానాతో బిగించాను. వేలు తగల్లేదు, ఒట్టు. మిగతా ఏడింటికి మాత్రం చెయ్యి పెట్టాల్సిందే, వాటికోసం ఏడుగురు కాచుకునున్నారు.

ఈ అర్జీ మా పిన్నే తెస్తోంది, ఎవర్నీ తొయ్యనివ్వట్లేదు. తమరి ఆఫీసుకి నాలుగు మెట్లున్నాయట. తమరే కిందికి దిగి తీసుకోండి సార్.