పన్నెండు కుళాయిల రబ్బరు బిళ్ళలు ఉండనివ్వమని మనవి

నీటి సరఫరా విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి మసీదులో నీటి వాడకం తక్కువగా ఉన్నందున కనెక్షను తొలగించబడునని తమరు పంపిన నోటీసు గురించి.

తమ నోటీసు అందినది. "మూడు నెలలుగా మీటరు రీడింగు కనీస వాడకానికి చేరనందున, సదరు భవనం వినియోగంలో లేనట్లు భావించి, వచ్చే శనివారం కనెక్షను తొలగించబడును" అని అందులో ఉన్నది. సదరు భవనంలో రోజుకు ఐదు పూటలా నమాజు జరుగుతున్నది. శుక్రవారమైతే మెట్ల మీద చెప్పులు విడవడానికి చోటుండదు. నోటీసు తెచ్చిన ఉద్యోగి ఆ చెప్పుల మీద నుంచే దాటుకుంటూ వచ్చి, భవనంలో ఎవరూ లేరన్న కాగితాన్ని నా చేతికిచ్చి, సంతకం కూడా పెట్టించుకున్నారు.

1. నేను ప్లంబరును. మసీదు కుళాయిలు చూసుకోవడం నేను పుణ్యానికి చేసే పని. నమాజుకు ముందు చేతులు, నోరు, ముక్కు, ముఖం, కాళ్ళు కడుక్కోవడాన్ని వజూ అంటాము. నాలుగు నెలల క్రితం ఒక శుక్రవారం మా ఇమాం సాబ్ నీటి గురించి ప్రసంగించారు. ప్రవక్త వారు ముప్పావు లీటరుకు మించని నీటితో వజూ ముగించేవారని, పారే ఏటి ఒడ్డున కూర్చున్నా సరే నీళ్ళు దుబారా చేయవద్దని నేర్పారని చెప్పారు. అందరమూ తలలూపాము. అందరికంటే గట్టిగా తల ఊపింది మా దర్జీ మామ. ఆ సాయంత్రమే ఆయన కుళాయి పూర్తిగా తిప్పి, పక్కాయనతో కూతురి కాన్పు కబుర్లు మొదలుపెట్టి, ఆ కబుర్లలో బిడ్డ పుట్టేదాకా కుళాయి కట్టలేదు. బకెట్టున్నర నీళ్ళు కాలువపాలు.

2. చెప్తే వినే వయసు కాదు గనుక, నాకు చేతనైన పని నేను చేశాను. పాత సైకిలు ట్యూబు రబ్బరును గుండ్రంగా కోసి, నడుమ సన్నని బెజ్జం పెట్టి, పన్నెండు కుళాయిల్లోనూ బిగించాను. "ఇదేం ధారరా, చీమ ఏడ్చినట్టుంది" అని దర్జీ మామ వారం రోజులు సణిగారు. తర్వాత అలవాటు పడ్డారు. వాడకం నాలుగోవంతుకు దిగింది. నా ముప్పై ఏళ్ళ పనిలో ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదని నిజాయితీగా తెలుపుకుంటున్నాను.

3. అప్పుడు తమ తనిఖీ అధికారి వచ్చారు. మీటరును తట్టి చూశారు, చెవి పెట్టి విన్నారు. మేమేదో మాయ చేశామని అనుమానించి, ఎవరైనా ఒకరు తన ఎదుట వజూ చేసి చూపించమన్నారు. దర్జీ మామ చేశారు. వారు గడియారం చూసుకుని, "ఇంతేనా? అయిపోయిందా?" అన్నారు.

"ఇంకేం కడగమంటావు బాబూ, పేగులా?" అన్నారు మామ.

ఈ జవాబును వారు తమ నివేదికలో "సహకరించలేదు" అని రాసినట్లు తెలిసింది.

4. మీటరు రీడింగు తీసుకునే తమ్ముడు మంచివాడు. నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఎందుకొచ్చిన గొడవ? రోజూ ఓ గంట కుళాయిలు తిప్పి వదిలెయ్. మీటరు తిరుగుద్ది, ఫైలు మూసుకుంటది" అని సలహా ఇచ్చాడు. మా మసీదు పెద్దలకు ఆ సలహా తెగ నచ్చింది. శుక్రవారంలోగా బిళ్ళలు పీకెయ్యమని నాకు గడువు పెట్టారు. "ఎక్కువ వాడి తిట్లు తిన్నవాళ్ళని చూశాను గానీ, తక్కువ వాడి తిట్లు తిన్నది మీరొక్కరే" అని నా భార్య అంటున్నది. ఇది ఫిర్యాదు కాదు, తమ సమాచారం కోసం మాత్రమే.

5. ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. మొన్న మధ్యాహ్నం మసీదులో ఎవరూ లేని వేళ చూసి, ఒక కుళాయికి బిళ్ళ తీసి, పూర్తిగా తిప్పి వదిలాను. మీటరు గిర్రున తిరిగింది. అయ్యా, నేను రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయాను. దొంగతనం చేస్తున్నట్టు తలుపు వైపే చూశాను. గబగబా బకెట్టు పెట్టి, నిండినవి నిండినట్టు మోసుకెళ్ళి ప్రహరీ పక్కన మొక్కలకు పోశాను. మొక్క నాటితే దాని కాయ పిట్ట తిన్నా నాటినవాడికి దేవుడి లెక్కలో దానం కింద రాస్తారని మాకు చెప్తారు. కానీ మొక్కలు ఎన్ని నీళ్ళు తాగుతాయి? పదిహేనో బకెట్టుకు నా నడుము పట్టేసింది, మొక్కల మొదళ్ళు చెరువులయ్యాయి. తమరు పెట్టిన కనీస వాడకం ఇంకా చాలా దూరంలో ఉన్నది. కుళాయి కట్టి, బిళ్ళ మళ్ళీ బిగించేశాను. మళ్ళీ ఆ పని నా వల్ల కాదు.

6. కావున తమరు స్వయంగా ఏదో ఒక పూట వచ్చి, చెప్పులు లెక్కబెట్టి, భవనం వినియోగంలోనే ఉన్నదని ఒక్క ముక్క రాసిస్తే, బిళ్ళలు వాటి చోట ఉంటాయి. రాయడం కుదరదంటే, శనివారం వచ్చే మనిషికి నీళ్ళు ఆపే గేటు వాల్వు ఎక్కడున్నదో నేనే చూపిస్తాను. బిగించేటప్పుడు మాత్రం చుక్క కూడా కారకుండా బిగించమనండి.

నీళ్ళ విషయంలో చేసిన పొదుపు మాటల్లో చేయలేకపోయాను. అంతా దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మసీదు కుళాయిలు చూసుకునే ప్లంబరు

తాజా కలం: ఈ అర్జీ ఇవ్వడానికి వచ్చి తమ వరండాలో కూర్చున్న రెండు గంటలూ అక్కడి కుళాయి కారుతూనే ఉన్నది. గుమాస్తా గారిని అడిగితే, "అది ఎప్పుడూ అంతేలెండి, మీరు కూర్చోండి" అన్నారు. కూర్చోలేకపోయాను. దానికి కొత్త వాషరు వేశాను. సంచిలో బిళ్ళలు మిగిలితే పక్క మూడింటికీ బిగించాను. అనుమతి అడగనందుకు మన్నించండి. వచ్చే నెల మీటరు చూసి, తమ భవనం కూడా వినియోగంలో లేదని నోటీసు వస్తే కంగారు పడకండి. ఈ అర్జీనే మసీదు అన్నచోట కార్యాలయం అని మార్చి పెట్టుకోండి.