రూతు చదివిన కీర్తన

అవ్వా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదు, అందినా నీకు చదవడం రాదు. అయినా ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది.

నత్తి ఉందని తోటిపిల్లలు ఏడిపిస్తే నా కూతురు, నీ మనవరాలు రూతు బడి మానేసింది కదా. పదో తరగతి తప్పిన నేను ఇంట్లో ఏం చదువు చెప్పగలనని ఏడ్చాను. నువ్వు బీడీలు చుడుతూనే అన్నావు: "నాకు అక్షరం ముక్క రాదు. నీకు మాటలు నేర్పలేదా బిడ్డా? ప్రార్థన చేస్కొని షురు చెయ్యి."

మొదలుపెట్టాను. లెక్కలు తప్పు చెప్పిన రోజులున్నాయి. మర్నాడు నేర్చుకుని మళ్ళీ చెప్పేదాన్ని.

ఈ రోజు ఎల్లారెడ్డి చర్చిలో రూతు అందరి ముందూ కీర్తన చదివింది. రెండుచోట్ల మాట ఆగిపోయింది. తను ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది, చివరి వచనం దాకా చదివింది.

బయటికి వచ్చాక, కామారెడ్డి నుంచి వచ్చిన ఒక టీచరు అడిగింది: "మంచిగ చదివిందమ్మా. ఏ బడికి పోతది?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకు తల దించుకునేదాన్ని.

"ఇంట్లనే మేడం. నేనే చెప్తున్న," అన్నాను.

దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నీకు కృతజ్ఞత చెప్పడమే, నువ్వున్నప్పుడు మరిచిపోయాను.

నీ బిడ్డ,
మరియమ్మ