మా సందులో నార్వే

ఆగస్టు 3, సోమవారం

రేపటి నుంచి నార్వే సాధన! వియత్నాంలో మా న్యా చాంగ్‌లోనే ఉంటూ నార్వేలో బతకడం!

కారణం రాసి పెట్టుకుంటాను. చేపల పరిశ్రమ చదువుకు నార్వేలోని ట్రోమ్సోలో సీటు వచ్చింది. ఏడాది చదువు, ఖర్చంతా వాళ్ళదే. వస్తానో రానో పధ్నాలుగో తేదీలోగా చెప్పాలి. నాన్న పడవ మీద పని. అమ్మ రేవులో చేపలు కోస్తుంది. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనొక్కదాన్నే. కిందటేడు అక్కడికి వెళ్ళిన మా సీనియర్ ఆరు వారాలకే తిరిగొచ్చేసింది. చలి వల్ల కాదట. "కాఫీ కప్పు పట్టుకుని ఒక్కదాన్నే గోడ చూస్తూ కూర్చోలేకపోయాను" అంది. నేనూ అలా తిరిగొస్తే అమ్మ రేవులో తలెత్తుకోలేదు. అందుకే ముందే పరీక్ష. పది రోజులు నిలబడితే 'వస్తాను' అని రాస్తాను. లేకపోతే 'రాను'.

నియమాలు అక్కడే చదువుతున్న థావో అక్క ఫోనులో చెప్పిన ప్రకారం. కాఫీ నల్లగా, మనం పోసుకునే తియ్యటి డబ్బాపాలు లేకుండా. ఒంటరిగా, మాటల్లేకుండా. మధ్యాహ్నం చల్లటి రొట్టె, చీజ్ ముక్క. ఎవరి కాఫీకి వాళ్ళే డబ్బులు. ధర కూడా అక్కడిదే: మా సందులో ఇరవై వేల డాంగుల కాఫీ అక్కడ లక్షా పదివేలు!

నేను చెయ్యగలను. చెయ్యగలను!

ఆగస్టు 4

ఉదయం ఆరున్నర. సందు మొదట్లో ఆరో పిన్ని కాఫీ బండి (మా దగ్గర పెద్దవాళ్ళని పుట్టిన వరస అంకెతోనే పిలుస్తాం). నల్ల కాఫీ అడిగాను.

"ఎవరే పోయింది?" అంది పిన్ని.

మాట్లాడకూడదు కాబట్టి నియమాల కాగితం ఇచ్చాను. సందంతా వినేలా పైకి చదివింది. తర్వాత లక్షా పదివేలు చేతిలో పెట్టాను.

"దీనికి చిల్లరెక్కడ తెచ్చేదే, చదువులమ్మా?"

చిల్లరొద్దని చెయ్యి ఊపాను.

"ఇరవై వేల కాఫీకి ఇంత పుచ్చుకుంటే రేపు నా మొహం ఎవరికి చూపించను?" అని బండి చుట్టూ ఉన్న నలుగురికీ నా డబ్బుతో కాఫీ పోసింది. మిగిలిన పదివేలకు నాలుగో తాతకి సిగరెట్టు. అందరూ గ్లాసులెత్తి, "నార్వే చల్లగా ఉండాలి!" అన్నారు.

మాట్లాడింది వాళ్ళు, నేను కాదు. నియమం నిలిచినట్టే! కాఫీ మాత్రం కాకరకాయ రసం.

ధర నియమం ఒక్కటీ రద్దు. అది సాధన కాదు, సంతర్పణ.

ఆగస్టు 5

చల్లటి రొట్టె, చీజ్. కాగితంలో చుట్టి పెట్టుకున్నాను. ఎంత నాజూకుగా ఉందో!

అమ్మ విప్పి చూసింది. "ఒంట్లో బాగా లేదా?"

"నార్వేలో భోజనం ఇదేనమ్మా."

"అయ్యో పాపం" అని గుడ్డు వేయించి లోపల పెట్టింది. మిరపకాయ పచ్చడి రాసింది. కొత్తిమీర కుక్కింది.

"అమ్మా, చల్లగా తినాలి!"

"చల్లారాక తిను."

చల్లారాకే తిన్నాను. నియమం ప్రకారమే.

ఆగస్టు 6

థావో అక్క కొత్త కబురు. అక్కడ గబగబా తినాలంటే పెట్రోలు బంకుకు వెళ్తారట! రొట్టెలో సాసేజ్ పెట్టిస్తారు, నిలబడి తిని పోవడమే. దాని ధరా దాదాపు కాఫీ అంతే.

ఆరో పిన్నికి చెప్పాను (సాయంత్రం మాట్లాడకూడదని నియమంలో లేదు).

"బంకులో రొట్టెలా? మరి పెట్రోలు ఎక్కడ పోస్తారు, ఫో నూడుల్స్ కొట్లోనా?"

అయినా వెనకాడలేదు. మాంసం, కూరలు కూరిన మా బాన్ మీ రొట్టె కొనుక్కుని మా వీధి బంకులో పంపు పక్కన నిలబడి కొరికాను. బంకు ఆయన పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, స్కూటర్ ఏది?" లేదన్నాను. "ఎవరైనా మధ్యలో దింపేసి పోయారా?" అని జాలిపడి నీడలో కుర్చీ వేశాడు. చెరుకురసం తెప్పించాడు. వాళ్ళావిడ మోకాలి నొప్పి సంగతి మొత్తం విన్నాను.

కొంత విఫలం. రసం బాగుంది.

ఆగస్టు 8

కాఫీలో ఒక చెంచా డబ్బాపాలు. ఒక్కటే. నార్వేలో మాత్రం ఆవులుండవా?

సాయంత్రం: రెండు చెంచాలు. ఆవులు ఒకటి కన్నా ఎక్కువే ఉంటాయి.

ఆగస్టు 9, ఆదివారం

ఘోరం జరిగింది.

నా క్లాసుమేటు త్రామ్‌కి ఉద్యోగం వచ్చింది. కాఫీకి పిలిచింది. పిలిచినవాళ్ళే డబ్బులిస్తారు, మా ఊళ్ళో పసిపిల్లలకైనా తెలుసు. నేను మాత్రం నా ఇరవై వేలు బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?"

"నా కాఫీది."

దాని మొహం మాడిపోయింది. "నేనేం తప్పు చేశానే?"

"తప్పేం లేదు. నార్వేలో..."

"ఓహో! ఇంకా విమానమైనా ఎక్కలేదు, అప్పుడే నా కాఫీ నీకు చేదయిందా?"

నిజంగానే చేదుగా ఉంది, కానీ అది చెప్పే సమయం కాదు. స్కూటర్ స్టార్ట్ చేసింది. వెనక కడ్డీ పట్టుకుని వీధి చివరి దాకా పరుగెత్తాను. ఒక చెప్పు పోయింది. చివరికి ఆపింది. రాజీ షరతులు: రెండు బాన్ మీలు, రెండు పాల కాఫీలు, డబ్బులన్నీ తనే ఇస్తుంది, నేను నోరెత్తకూడదు.

నాలుగు చెంచాల డబ్బాపాలు. ఏడుస్తూ తాగాను. అబ్బ, ఎంత బాగుందో!

ఆగస్టు 11

సాధన ముగిసింది. నావల్ల కాలేదు. వారం రోజులు, అదీ సొంత సందులో నిలబడలేనిదాన్ని అక్కడ ఏడాదెలా ఉంటాను? 'రాలేను' అని ఉత్తరం రాశాను. రేపు పంపిస్తాను. అమ్మకి చెప్పాను. వింటూనే లేచి ఆరో పిన్ని బండి దగ్గరికి వెళ్ళింది.

ఆగస్టు 12

ఉదయం ఆరున్నర. సందులోకి వెళ్ళి చూస్తే నార్వే!

చిన్న స్టూళ్ళన్నీ బారెడు దూరంలో, ఎదుటి గోడ వైపు తిప్పి ఉన్నాయి. ఈ ఎండల్లో ఆరో పిన్ని స్వెట్టర్ వేసుకుంది! నాలుగో తాత ఉన్నిటోపీ. త్రామ్ కూడా వచ్చింది. అమ్మ రేవు నుంచి తిన్నగా వచ్చింది, చేతులకి పొలుసులింకా మెరుస్తున్నాయి.

"పేరు చెప్పండి, కప్పు మీద రాయాలి" అంది పిన్ని తాతతో.

"నలభై ఏళ్ళుగా పోస్తున్నావు, నా పేరు తెలీదూ?"

"నార్వేలో తెలీదు. కూర్చోండి."

అందరికీ నల్ల కాఫీ. ఎవరి డబ్బులు వాళ్ళవి. మౌనం. ఎవరో దగ్గారు. మళ్ళీ మౌనం.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు తాత.

"మాట్లాడకు!" అని అరిచింది పిన్ని. అరిచాక నాలిక్కరుచుకుంది. త్రామ్ ఫక్కున నవ్వింది. నేను స్టూలు మీంచి పడ్డాను. అక్కడితో నార్వే మునిగింది. పిన్ని స్వెట్టర్ విప్పేసి ఎప్పటి పాల కాఫీకి ఐసు కొట్టడం మొదలుపెట్టింది.

అమ్మ మాత్రం తిరగలేదు. మూడు చెంచాల పాలు లేనిదే కాఫీ ముట్టని మా అమ్మ, నిద్రలో కూడా మాట్లాడే మా అమ్మ, గోడ చూస్తూ గుక్క గుక్కగా మొత్తం తాగింది. కప్పు బోర్లించి మా వైపు తిరిగింది.

"చేదుగానే ఉంది. చచ్చిపోలేదుగా. ఇప్పుడు రాయి, వస్తున్నానని."

"పరీక్ష తప్పానమ్మా."

"ఆ పరీక్ష నువ్వు పెట్టుకున్నది. సీటు వాళ్ళిచ్చింది."

"ఉండలేక తిరిగొచ్చేస్తే? నువ్వు రేవులో తలెత్తుకోగలవా?"

"చేపలు కోసేవాళ్ళం తల దించుకునే ఉంటాం కదే. ఎవరికి తెలుస్తుంది?"

సందంతా పగలబడి నవ్వింది. అమ్మ ఒక్కతే నవ్వలేదు, నా ఫోను వైపు చూస్తోంది.

తొమ్మిదింటికి: 'వస్తున్నాను' అని పంపించాను. పంపించాను!!

ఆగస్టు 13

నార్వే సాధన, మొదటి రోజు. ఈసారి గట్టిగా! ప్రయాణం దాకా పాలు లేవు, మాటల్లేవు.

ఆరున్నర: నల్ల కాఫీ. అమ్మ కూడా చేస్తానని వచ్చి పక్కన, బారెడు దూరంలో కూర్చుంది.

ఆరూ ముప్ఫై అయిదు: ఒక్క చెంచా పాలు. వేడి తగ్గడానికి.

ఆరూ నలభై: "అమ్మా, ఉన్ని కోటు ఎక్కడ కొందాం?" అని అడిగాను. అమ్మ మాట్లాడలేదు. మళ్ళీ అడిగాను. వేలెత్తి నాకు గోడ చూపించింది.

రేపటి నుంచి.