ముగ్గురు వైద్యులు, ఒక కత్తి

ఆర్తీ,

ఆపరేషన్ అయినప్పటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

కోసపాళయంలో మా మేడ మీద ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేసి ఆడిన డ్రాగన్ల ఆట గుర్తుందా? అందులో నువ్వు వైద్యురాలివి; నువ్వు మంత్రం వేస్తే ఆటలో చచ్చిన మేమంతా లేచి కూర్చునేవాళ్లం. ఆ ధైర్యంతోనే దినకరన్ డ్రాగన్ నోట్లోకి దూకేవాడు. "ఏందే, చచ్చినోళ్లను ఊరికే లేపేస్తా ఉంటే ఇంక ఆటేంది?" అని మా అవ్వ నవ్వేది.

నిన్న నువ్వు లేకుండానే మళ్లీ కూర్చున్నాం. ఎవరి కొత్త పాత్రను వాళ్లే రహస్యంగా తయారుచేసుకుని వచ్చాం. చూస్తే దినకరన్, అర్చిత, నేను, అందరం వైద్యులమే! కత్తి పట్టి కొట్టేవాళ్లు లేక మొదటి గుహలోనే ఓడిపోయాం.

పూర్తిగా కోలుకునేదాకా ఆగకు, వచ్చెయ్. కత్తి నీకే ఉంచాం. ఎన్నిసార్లు పడినా లేపడానికి ముగ్గురం ఉన్నాం.

మేడ మీద ఎదురుచూస్తూ,
నీ జట్టువాడు