మెట్ల కింద పెట్టె

ఇంటర్నెట్ ఆఫీసు మేనేజరు గారికి,

మీ కేబుల్ మనిషి మీద ఫిర్యాదు చేసిన పైవాటా ముసలిదాన్ని, చెప్పి రాయిస్తున్నాను. నా ఫిర్యాదు వల్ల అతన్ని పనిలోంచి ఆపేశారట. వెంటనే పిలిపించండి.

నేను కూతురితో ఫోన్లో ఏం మాట్లాడినా తెల్లారేసరికి కింది వాటాలోని మా తోడికోడలికి తెలిసిపోయేది. మెట్ల కింద మీవాడు రెండు వాటాలకీ కలిపి బిగించిన పెట్టెనే అనుమానించాను. అతను ఓపిగ్గానే చెప్పాడు: "రౌటర్ వీధి గుమ్మం లాంటిది మామ్మగారూ, బయటికి దారి అదే. హబ్ అయితే ఒకరికొచ్చిన కబురు అన్ని గదుల్లోనూ చాటింపేస్తుంది. స్విచ్ ఎవరిది వాళ్లకే ఇస్తుంది. మీకు పెట్టింది స్విచ్చే."

"గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకు" అన్నాను నలుగురిలో.

నిన్న ఆ పెట్టె వైరు పీకేశాను. ఫోను ఆపేశాను. వంటింట్లో ఒక్క మనిషితో, "ఇల్లు అమ్మేస్తున్నా, ఎవరితోనూ అనకు" అని అబద్ధమాడాను. సాయంత్రానికి తోడికోడలు మెట్లెక్కి వచ్చింది. "అక్కా, ఇల్లు అమ్ముతున్నావటగా, మాతో ఒక్క మాటైనా అనవా?" అంది.

మీ పెట్టెలో తప్పు లేదు. మా ఇంట్లో హబ్ వేరే ఉంది, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ఫోను నంబరు నొక్కి నా పక్కనే కూర్చునేదీ, వంటింట్లో నా మాట విన్నదీ, ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నదీ మా కోడలే.

రాయి తల్లీ, ఆగావేం? అదీ రాయి. ఎదురింటి టైలరు చేత మొత్తం చదివించుకున్నాకే వేలిముద్ర వేస్తాను.